మూత్రపు మంటకు ఏ మందు? – త్వరగా తేల్చే పరీక్షలు



మామిడి తోటల ఊళ్ళవారికి మూత్రపు మంట గురించి చెప్పటమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. కాని రెడ్డిగూడెం, విస్సన్నపేట, నూజివీడు ప్రాంతాలలో కోతల కాలం ఎట్లా గడుస్తుందో తెలిసినవారికి ఈ రెంటికీ ఉన్న సంబంధం వేరే చెప్పనక్కరలేదు. ఏప్రిల్, మే నెలలు. తెల్లవారక ముందే మగవారు చిక్కాలు, గెడలు పట్టుకొని చెట్ల కిందికి చేరుతారు. ఆడవారు కాయలు మోయటం, సొన అంటకుండా తొడిమలు తుంచి బోర్లించటం, బంగినపల్లి ఒక పక్కకు, కలెక్టరు కాయ ఒక పక్కకు వేరుచేయటం, ట్రేలలో సర్దటం – లారీ నున్న మార్కెట్టుకు కదిలేదాకా ఈ పని వదలదు. తోటలో మరుగుదొడ్డి ఉండదు. చుట్టూ మగవాళ్ళు. అందుచేత పనికి వచ్చిన ఆడవారు పొద్దుటినుంచి నీళ్ళు తాగటమే తగ్గిస్తారు. వచ్చిన మూత్రాన్ని ఆపుకుంటారు. వారం తిరిగేసరికి ఒకరికో ఇద్దరికో చురుకు పట్టుకుంటుంది. "వేడి చేసిందమ్మా" అంటారు. బార్లీ నీళ్ళు, సబ్జా గింజలు, మజ్జిగ – ఇవి మొదటి రోజు మందులు. రెండోరోజు ఊళ్ళో దొరికే బిళ్ళలు.

"వేడి చేసింది" అనే మాట పూర్తిగా కొట్టివేయదగినది కాదు. ఎండలో చెమట పోసి, నీళ్ళు తాగనప్పుడు మూత్రం చిక్కబడుతుంది. చిక్కని మూత్రం కొంచెం మండుతుంది. అట్టి మంట రెండు మూడు చెంబుల నీళ్ళు తాగితే ఆ పూటకే తగ్గుతుంది. ఇది జబ్బు కాదు. కాని మాటిమాటికీ వెళ్ళవలసి రావటం, వెళ్ళినా నాలుగు చుక్కలకు మించి రాకపోవటం, పొత్తికడుపులో నొప్పి, మూత్రం మడ్డిగా ఉండి వాసన వేయటం – ఇవి కూడా కలిసినవంటే అక్కడ సూక్ష్మజీవులు చేరినవని అనుమానించాలి.

ఈ క్రిములు బయటినుంచి వచ్చినవి కావు. ఎక్కువ భాగం ఈ.కోలై అనే జాతివి. మన పేగులలో ఎప్పుడూ ఉండేవే. అక్కడ ఉన్నంతసేపూ సాధారణంగా వాటితో పేచీ లేదు. దారి తప్పి మూత్రాశయంలోకి ఎక్కినప్పుడే చిక్కు. ఆడవారిలో మూత్రనాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లు మాత్రమే. మగవారిలో అది 20 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఈ వ్యాధి ఆడవారికి ఎక్కువగా రావటానికి ముఖ్యకారణం ఇదేగాని శుభ్రత లేకపోవటం కాదు. ఈ సంగతి ఇంట్లో మగవారు కూడా తెలుసుకోవాలి. అనవసరపు నిందలు, సిగ్గు వల్లనే చాలామంది ఆడవారు జ్వరం వచ్చేదాకా నోరు విప్పరు.

అనుకూలమైన పరిస్థితులలో ఈ.కోలై క్రిమి 20 నిమిషాలకొకసారి రెండుగా చీలుతుంది. లెక్కవేసి చూడండి. ఒక్కటి గంటకు ఎనిమిదవుతుంది. రెండు గంటలకు అరవైనాలుగు. ఆరు గంటలకు రెండున్నర లక్షలు దాటుతుంది. శరీరంలో ఇంత జోరుగా సాగకపోవచ్చును. అయినా మూత్రాన్ని ఆరుగంటలు ఆపుకోవటమంటే ఈ పెంపకానికి తీరిక ఇవ్వటమే. మూత్రానికి వెళ్ళినప్పుడల్లా కొట్టుకొనిపోవలసిన క్రిములు లోపలే కూర్చొని పిల్లలు పెడతవి. కనుక తోట యజమానులకు ముందుగా ఒక మాట: పరీక్షలకన్న, మందులకన్న ముందు మీరు చేయవలసినది ఉన్నది. తోటలో ఒక మూల నాలుగు గుంజలు పాతి, తడికెలు కట్టి, ఒక గుంట తవ్వి, పక్కన ఒక డ్రమ్ము నీళ్ళు పెట్టించండి. తాగే నీళ్ళ కుండ వేరుగా నీడన ఉంచండి. ఒక లారీ బాడుగతో పోలిస్తే ఈ ఖర్చు లెక్కలోకి రాదు.

ఇక రెండోరోజు బిళ్ళల సంగతి. సాధారణంగా జరిగేదేమిటంటే, మంట అని చెప్పగానే సిప్రోఫ్లాక్సాసిన్‌గాని నార్‌ఫ్లాక్సాసిన్‌గాని రెండు బిళ్ళలు, దానితోపాటు ఒక నొప్పి బిళ్ళ చేతిలో పెడతారు. కొందరికి తగ్గుతుంది. తగ్గినవారు ఎవరైనా వచ్చి అడిగితే "నాకు ఫలానా బిళ్ళ పనిచేసింది, నువ్వూ వేసుకో వదినా" అని చెప్తారు. తగ్గనివారు వారం ఆగి మరొక బిళ్ళ, ఇంకొక వారానికి సూది. తగ్గకపోవటానికి కారణం తరచుగా ఒకటే. ఆ మందుకు ఆ క్రిమి లొంగటం లేదు.

ఈ లొంగకపోవటమనేది రైతుకు కొత్త విషయం కాదు. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తి చేలలో జరిగినది పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. సింథటిక్ పైరెత్రాయిడు మందులు వచ్చిన కొత్తలో శనగపచ్చ పురుగు ఒక్క పిచికారీకి రాలిపోయేది. ఇంత మంచి మందు మరి లేదని అందరూ అదే కొట్టారు. మళ్ళీ మళ్ళీ కొట్టారు. వేల పురుగులలో ఏ ఒకటి రెండింటికో ఆ మందును తట్టుకొనే శక్తి పుట్టుకతోనే ఉంటుంది. లొంగేవి చచ్చినకొద్దీ ఆ ఒకటి రెండింటి సంతానమే చేనంతా మిగిలింది. చివరకు డబ్బాలకు డబ్బాలు గుమ్మరించినా పురుగు కదలలేదు. మందు కల్తీదని కొందరు దుకాణదారుల మీద పడ్డారు. కల్తీ ఎంత ఉన్నదోగాని అసలు మార్పు పురుగులోనే వచ్చింది. ప్రయోగశాలలో పురుగులను పట్టి పరీక్షించి శాస్త్రజ్ఞులు ఈ సంగతి రుజువు చేశారు.

మూత్రాశయంలోని క్రిముల విషయమూ ఇంతే. అయితే ఒక భేదమున్నది. పురుగు తన మొండితనాన్ని తన పిల్లలకు మాత్రమే ఇవ్వగలదు. క్రిములు అట్లాకాదు. పక్కనున్న క్రిమికి, అది వేరే జాతిదైనా సరే, తమ మొండితనాన్ని అప్పగించగలవు. 1959లో జపాను శాస్త్రజ్ఞులు విరేచనాల క్రిములలో దీన్ని కనిపెట్టారు. అందువల్ల మంటకని మనం మింగిన బిళ్ళ మూత్రాశయంలోని క్రిముల మీదనేగాక పేగులలోని కోట్ల క్రిముల మీద కూడా పనిచేసి, అక్కడ మొండివాటిని ఏరి మిగులుస్తుంది. రేపటి జబ్బుకు అవే విత్తనం.

కోర్సు మధ్యలో మానివేయటమే దీనికంతటికీ కారణమని తరచు వింటుంటాము. అది కొంతవరకే నిజం. అవసరం లేని చోట వాడటం, పనిచేయని మందునే వాడటం అంతకన్న పెద్ద కారణాలని నా అభిప్రాయం. పనిచేయని మందును పది రోజులు క్రమంగా మింగినందువల్ల మేలేమున్నది?

భారత వైద్య పరిశోధన మండలి ఏటేటా ప్రకటించే నివేదికలు చూస్తే, మూత్రంలో దొరికిన ఈ.కోలై క్రిములలో సిప్రోఫ్లాక్సాసిన్‌కు లొంగేవి సగానికి తక్కువ. నైట్రోఫ్యూరాంటోయిన్, ఫాస్ఫోమైసిన్ అనే పాత మందులకు మాత్రం చాలాభాగం ఇంకా లొంగుతున్నవి. ఈ లెక్కలు పెద్ద ఆసుపత్రుల నమూనాలమీద వేసినవి. అక్కడికి ముదిరిన రోగులే ఎక్కువగా పోతారు గనుక పల్లెలలో స్థితి కొంత మెరుగుగా ఉండవచ్చు. అయినా ఊళ్ళో అందరికీ ఒకే బిళ్ళ పంచటం సరికాదని చెప్పటానికి ఇంతమాత్రం చాలు. ప్రపంచం మొత్తంమీద 2019లో మందులకు లొంగని క్రిముల వల్లనే నేరుగా పన్నెండు లక్షల డెబ్బైవేల మంది మరణించారని అంచనా కట్టారు.

మరి ఏ మందుకు లొంగుతుందో ముందే తెలుసుకొనే ఉపాయం లేదా అంటే, ఉన్నది. చాలాకాలంగా ఉన్నది. దాన్ని కల్చరు పరీక్ష అంటారు. వంటింటి భాషలో చెప్పాలంటే తోడువేసి చూడటమే. రోగి మూత్రంలో ఒక బొట్టు తీసి, క్రిములకు ఆహారమైన జిగురు పదార్థం పోసిన గాజు పళ్ళెంమీద గీస్తారు. శరీరపు వేడి ఎంత ఉంటుందో అంత వేడిగల పెట్టెలో ఒక రాత్రి ఉంచుతారు. మరునాటికి క్రిములు చుక్కలు చుక్కలుగా మొలుస్తవి. ఆ చుక్కలను లెక్కించి మిల్లీలీటరు మూత్రంలో ఎన్ని క్రిములున్నవో తేలుస్తారు. లక్ష దాటితే వ్యాధి ఉన్నట్లని 1956లో అమెరికాలో ఎడ్వర్డ్ కాస్ అనే వైద్యుడు పెట్టిన గీత ఈనాటికీ డాక్టర్లకు మొదటి గుర్తు. మంట బాగా ఉన్నవారిలో అంతకు తక్కువ ఉన్నా వ్యాధిగానే భావించవచ్చునని తరువాత తెలిసింది.

ఇది మొదటి రోజు పని. రెండో రోజున ఆ క్రిములను మరొక పళ్ళెంమీద నారు పోసినట్లు ఒత్తుగా పరచి, దానిమీద రకరకాల మందులలో తడిపిన చిన్న చిన్న కాగితపు బిళ్ళలు అమరుస్తారు. బిళ్ళ ఒక్కొక్కటి 6 మిల్లీమీటర్ల వెడల్పు. మళ్ళీ ఒక రాత్రి. తెల్లవారి చూస్తే పళ్ళెమంతా క్రిములు పెరిగి తెల్లగా కమ్ముకొని ఉంటవి. పనిచేసే మందు బిళ్ళ చుట్టూ మాత్రం ఏమీ మొలవక గుండ్రంగా ఖాళీ చోటు కనిపిస్తుంది. చెట్టు నీడన పైరు ఎదగనట్లే అనుకోండి. ఆ ఖాళీని స్కేలుతో కొలిచి, పట్టికలో చూసి, ఈ మందుకు లొంగుతుంది, దీనికి లొంగదు అని రాసి ఇస్తారు. 1966లో బాయర్, కిర్బీ మొదలైనవారు ఈ పద్ధతిని ఒక క్రమంలో పెట్టారు. చౌక, నమ్మదగినది.

దీనిలో లోపమల్లా కాలమే. నమూనా ఇచ్చిన తరువాత ఫలితం రావటానికి రెండు మూడు రోజులు. పైగా ఈ పరీక్ష మండల కేంద్రంలో జరగదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోకి, రెడ్డిగూడెం ఎన్.టి.ఆర్. జిల్లాలోకి పోయినవి. పేరు ఏదైనా రోగికి తెలిసిన దారి మైలవరం మీదుగా విజయవాడ బస్సు. పోయి రావటం ఒక రోజు, కాగితం తెచ్చుకోవటానికి మరొక రోజు. సీజనులో రెండు రోజుల కూలి వదులుకొని, మంట భరించి, మూడో రోజుదాకా మందు వేసుకోకుండా ఎవరు ఆగుతారు? డాక్టరు కూడా ఆగమని చెప్పలేడు. అందుకే ముందుగా ఊహించి ఒక మందు రాసి ఇస్తాడు. ఆ ఊహ తప్పితే మరొకటి. కనుక కూలి మనిషిని, పల్లె డాక్టరును తప్పుపట్టి లాభం లేదు. నొప్పికి, ఫలితానికి నడుమ ఉన్న ఆ మూడు రోజులే అసలు శత్రువు. ఆ మూడు రోజులను ఒక గంటకు కుదించగలిగితే చాలా మార్పు వస్తుంది.

సరిగా ఈ ఉద్దేశంతోనే 2014లో బ్రిటనులో ఒక పెద్ద బహుమతి ప్రకటించారు. పూర్వం 1714లో సముద్రంమీద ఓడ ఎక్కడ ఉన్నదో తెలుసుకొనే ఉపాయం చెప్పినవారికి ఆ దేశపు పార్లమెంటు బహుమతి పెట్టింది. దాని పేరునే దీనికీ పెట్టి 'లాంగిట్యూడ్ బహుమతి' అన్నారు. రోగి పక్కనే, తొందరగా, తక్కువ ఖర్చుతో, ఎవరైనా చేయగలిగేటట్లు, ఏ మందు పనిచేస్తుందో చెప్పే పరీక్ష కావాలన్నది షరతు. మన దేశంనుంచి కూడా కొందరు ఈ పోటీకి దిగారు. పుణేలోని మాడ్యూల్ ఇన్నోవేషన్స్ సంస్థవారు, మూత్రంలోని క్రిములను రంగు మార్పుతో చూపే చిన్న అట్టవంటి పరీక్షమీద పనిచేశారు. పదేళ్ళ తరువాత 2024 జూన్‌లో ఎనభై లక్షల పౌన్ల ఆ బహుమతి స్వీడన్ దేశంలోని ఉప్సలా పట్టణానికి చెందిన సిస్మెక్స్ ఆస్ట్రెగో అనే సంస్థకు దక్కింది.

వారి యంత్రం బల్లమీద పట్టేటంతటిది. దాని లోపల జరిగేది తెలుసుకోదగినది. చిన్న పెట్టెవంటి గాజుబిళ్ళలో, వెంట్రుకకన్న ఎన్నో రెట్లు సన్నని కాలువలు వేలకొలది చెక్కి ఉంటవి. మన పొలాలలో బోదెలు తీసినట్లే. ఒక్కొక్క బోదెలో ఒక్కొక్క క్రిమి చిక్కుకొనేటంత ఇరుకు. అర మిల్లీలీటరుకు లోపు మూత్రం పోస్తే చాలు. మూత్రం ఆ కాలువలగుండా పారి క్రిములు వాటిలో ఆగిపోతవి. కొన్ని బోదెలకు మందులేని ఆహారం, కొన్నింటికి ఒక మందు కలిపిన ఆహారం, మరికొన్నింటికి ఇంకొక మందు – ఇట్లా అయిదు రకాల మందులు పెడతారు. ఒక సూక్ష్మదర్శిని కెమెరా మాటిమాటికీ ఫొటోలు తీస్తూ ప్రతి క్రిమి ఎంత వేగంగా పొడుగవుతున్నదో కొలుస్తుంది. మందున్న బోదెలో క్రిమి ఎదుగుదల మందగించిందా, ఆ మందు పనిచేస్తుంది. మందులేని బోదెలో మాదిరిగానే ఎదుగుతున్నదా, పనిచేయదు. పళ్ళెంమీద కంటికి కనిపించేటన్ని క్రిములు మొలవాలంటే రాత్రంతా కావాలి. ఒక్క క్రిమి ఎదుగుదలను చూడటానికి నిమిషాలు చాలు. తొందరంతా ఇక్కడినుంచే వచ్చింది.

క్రిములున్నవా లేవా అనేది 15 నిమిషాలలో, ఏ మందుకు లొంగుతవనేది 45 నిమిషాల లోపల తేలుతుంది. ఉప్సలా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ఈ ఉపాయాన్ని 2017లోనే ప్రకటించి ఉన్నారు. దాన్ని నర్సు చేతికి ఇచ్చేటంత యంత్రంగా మలచటానికి మరి కొన్నేళ్ళు పట్టింది.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. ఆ స్వీడన్ దేశానికీ మనకూ ఈ విషయంలో పాత బంధమున్నది. భారత సంతతికి చెందిన ఒక స్వీడన్ రోగికి ఢిల్లీలో చికిత్స జరిగిన తరువాత, 2008లో అతని మూత్రంలో ఒక క్రిమి దొరికింది. ఎంతో బలమైన మందులకు కూడా అది లొంగలేదు. ఆ మొండితనానికి కారణమైన జన్యువుకు 2009లో ఢిల్లీ పేరు చేర్చి 'ఎన్.డి.ఎం.-1' అని పెట్టారు. మనదేశంలో చాలామందికి కోపం వచ్చింది. అంతకుముందు 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులే మన హైదరాబాదు పక్కన పటాన్‌చెరువులో మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధిచేసి వదిలే నీటిని పరీక్షించారు. ఆ నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నది. బిళ్ళ మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్న ఎక్కువ! ఒక్కరోజులో అక్కడ మురుగులో కలిసిపోయే ఆ మందు స్వీడన్ దేశమంతా అయిదు రోజులు వాడేదానితో సమానమని లెక్కకట్టారు. అంటే మొండి క్రిములను మన పల్లెటూరి ఆడవారి కొంగున ముడివేసిన రెండు బిళ్ళలే పెంచలేదు. పెద్ద చేతులు కూడా ఉన్నవి. ఇది గుర్తుంచుకొనే మనం మన వంతు పని మాట్లాడుకోవాలి.

స్వీడన్ యంత్రం మన పల్లె ఆసుపత్రుల బల్లమీదికి ఇంకా రాలేదు. యంత్రం ఖరీదొక ఎత్తు, ప్రతి పరీక్షకూ వాడి పారవేసే గాజుబిళ్ళ ఖరీదొక ఎత్తు. పైగా అది ఆడవారికి వచ్చే మామూలు మూత్రాశయపు వ్యాధికోసం చేసినది. కిడ్నీదాకా పాకి జ్వరంతో వణికే రోగికి, మూత్రపు గొట్టం వేసిన రోగికి దానిమీద ఆధారపడరాదు. అట్టి యంత్రాలు వచ్చినా కల్చరు పరీక్ష పూర్తిగా పోదు. యంత్రం తెలిసిన అయిదు మందుల గురించే చెప్తుంది. ఆ అయిదూ పనిచేయవంటే మళ్ళీ పళ్ళెం దగ్గరికే పోవాలి.

అంతదాకా చేతులు కట్టుకొని కూర్చోనక్కరలేదు. ఇప్పుడే మన అందుబాటులో ఉన్న త్వరిత పరీక్ష ఒకటున్నది. రంగుల గళ్ళున్న ప్లాస్టిక్ పుల్ల. మూత్రంలో ముంచి తీస్తే రెండు నిమిషాలలో రంగు మారుతుంది. ఒక గడి తెల్లరక్తకణాల జాడ చెప్తుంది. మరొక గడి నైట్రైటును చూపుతుంది. ఈ.కోలై వంటి క్రిములు మూత్రంలోని నైట్రేటును నైట్రైటుగా మారుస్తవి. దానికి కొన్ని గంటలు పడుతుంది గనుక నిద్రలేవగానే పోసిన మూత్రమే ఈ పరీక్షకు మేలు. ఈ పుల్ల ఏ మందు వాడాలో చెప్పదు. అసలు మందు అవసరమా కాదా అనేది తేల్చుకోవటానికి డాక్టరుకు సహాయపడుతుంది. రెండు గళ్ళూ మారలేదంటే వ్యాధి ఉండే అవకాశం తక్కువ. రాయి ఉన్నదేమో, మరొక కారణమున్నదేమో డాక్టరు చూస్తారు. ఉత్త ఎండవేడికి ఆంటిబయాటిక్ మింగేవారిని ఈ పుల్ల ఆపగలదు. నన్నడిగితే పల్లెలో సగం ప్రయోజనం ఇక్కడే ఉన్నది.

మరొక మాట కూడా ఆశా కార్యకర్తలు గుర్తుంచుకోవాలి. మంట, నొప్పి ఏమీ లేని ముసలివారి మూత్రంలో క్రిములు కనిపించినంత మాత్రాన మందు ఇవ్వనక్కరలేదు. గర్భిణీ స్త్రీల విషయం వేరు. వారికి బాధ లేకపోయినా క్రిములుంటే వైద్యం చేయించాలి. లేకపోతే కిడ్నీలకు పాకవచ్చు, నెల తప్పి ముందే కాన్పు కావచ్చు. కనుక గర్భిణీల మూత్రపరీక్షను చక్కెర, అల్బుమిన్ చూసి సరిపెట్టకుండా కల్చరుకు పంపమని డాక్టరుగారిని అడగవలెను.

కల్చరుకు పంపేటప్పుడు నమూనా తీసే పద్ధతిలోనే చాలా పరీక్షలు చెడిపోతున్నవి. మొట్టమొదటిది, ఒక్క బిళ్ళయినా మింగకముందే నమూనా ఇవ్వాలి. మింగిన తరువాత ఇస్తే క్రిములు అణిగి ఉండి పళ్ళెంమీద మొలవవు. "ఏమీ లేదన్నారు" అని రోగి ఇంటికి వస్తుంది, మంట మాత్రం అట్లాగే ఉంటుంది. ఇంట్లో ఖాళీ అయిన మందుసీసా, ఊరగాయ సీసా ఎంత కడిగినా పనికిరావు. ఆసుపత్రిలో ఇచ్చే మూతసీసానే తీసుకోవాలి. మంచినీళ్ళతో కడుక్కొని, మొదట కొంచెం మూత్రం వదిలివేసి, నడిమి ధారను సీసాలో పట్టాలి. సీసా అంచుకుగాని మూత లోపలి వైపుకుగాని వేలు తగలరాదు. రెండు గంటలలో ప్రయోగశాలకు చేరాలి. అట్లా చేరటం సాధ్యం కాకపోతే చల్లగా ఉంచాలి, గడ్డకట్టనీయరాదు. ఐసుముక్కలు వేసిన వెడల్పుమూతి ఫ్లాస్కులో ప్లాస్టిక్ సంచీ చుట్టిన సీసాను పెట్టి బస్సులో తీసుకొని పోవచ్చును. ఇట్లా చల్లగా ఉంచితే ఒక రోజువరకు చెడదు. ఎండలో బస్సులో సంచీలో తీసుకుపోయిన నమూనాలో దారిలోనే క్రిములు లక్షలుగా పెరిగి, లేని జబ్బును ఉన్నట్లు చూపుతవి. అయితే దగ్గర ఉన్నది గదా అని ఏ.ఎన్.ఎం. టీకాల పెట్టెలో మాత్రం దీన్ని పెట్టరాదు.

నమూనా ఇచ్చిన తరువాత డాక్టరుగారు రాసిన మందు మొదలుపెట్టవచ్చు. ఫలితం రాగానే దాన్ని చూసి మందు సరిచేస్తారు. ఫలితపు కాగితాన్ని పారవేయకండి. ఈ జబ్బు తిరిగి వచ్చే స్వభావం కలది. పై సంవత్సరం డాక్టరుకు ఆ కాగితమే దారి చూపుతుంది. పెద్ద ప్రయోగశాలలు తమ దగ్గరికి వచ్చిన నమూనాలన్నింటినీ కూడి, ఈ ప్రాంతంలో ఏ మందు ఎంతవరకు పనిచేస్తున్నదో పట్టిక వేయగలవు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు డాక్టర్లు అట్టి పట్టికను తెప్పించుకొంటే వారి ఊహ కూడా గురి తప్పకుండా ఉంటుంది.

ఇక మన చేతిలో ఉన్న ఆంటిబయాటిక్‌లు తోటలోనూ కొట్టంలోనూ ఉన్నవి. మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనలకు నాయకత్వం వహిస్తుండగా 1948లో ఆరియోమైసిన్ వెలువడింది. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అదే మొదటి బిడ్డ. రెండేళ్ళకే, 1950లో, అదే సంస్థలో దాని పిప్పిని కోళ్ళ మేతలో కలిపితే కోళ్ళు తొందరగా బరువెక్కుతవని కనిపెట్టారు. అప్పటినుంచి జబ్బులేని కోళ్ళకు కూడా మందు మేపటం అలవాటయింది. మన ప్రభుత్వం 2019 జూలైలో కోలిస్టిన్ అనే మందును పశువులకు, కోళ్ళకు, చేపలకు వాడకుండా నిషేధించింది. మనిషికి మరే మందూ పనిచేయనప్పుడు చివరగా వాడేది అది. 2025 మార్చిలో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్‌ల వంతు వచ్చింది. మూత్రపు మంటకు ఇంకా పనిచేస్తున్న నైట్రోఫ్యూరాంటోయిన్ ఆ నైట్రోఫ్యూరాన్ కుటుంబంలోదే. రొయ్యల చెరువుకు, మన ఇంటి మందుల పెట్టెకు సంబంధం ఎంత దగ్గరో చూడండి.

మామిడిలో నల్లమచ్చ కనిపించగానే కొందరు రాగి మందుతోపాటు స్ట్రెప్టోసైక్లిన్ పొట్లం కూడా కలిపి కొడుతుంటారు. అది స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్‌ల మిశ్రమం. స్ట్రెప్టోమైసిన్ క్షయకు వాడిన మందు. పంటలలో వీటి వాడకాన్ని దశలవారీగా ఆపవలెనని కేంద్ర వ్యవసాయ మంత్రిత్వ శాఖ 2021 డిసెంబరులోనే ప్రకటన వెలువరించింది. ఎండుకొమ్మలు కత్తిరించి కాల్చటం, తోటలో గాలి ఆడేటట్లు చూడటం, అవసరమైతే రాగి మందు – ఈ మూడింటిపై నూజివీడు మామిడి పరిశోధనా స్థానంవారి సలహా తీసుకోండి. ఉద్యాన సహాయకులు ఈ పొట్లాన్ని అలవాటుగా చీటీలో రాయటం మానాలి.

చివరగా కిడ్నీల గురించి. మనకు దూరంకాని ఏ.కొండూరు తండాలలో కిడ్నీ జబ్బులతో ఎందరు కష్టపడుతున్నారో అందరికీ తెలుసు. ఆ జబ్బు వేరు, మూత్రపు మంట వేరు. మంట వచ్చిన ప్రతివారికీ కిడ్నీలు పాడవుతవని భయపడనక్కరలేదు. కాని మంటతో పాటు ఇచ్చే నొప్పి బిళ్ళలను, నీళ్ళు తాగక ఎండలో పనిచేస్తూ రోజుల తరబడి మింగితే కిడ్నీలకు హాని జరుగుతుంది. అది మానండి. మంటకు తోడు చలితో జ్వరం, నడుముకు ఒక పక్కన పక్కటెముకల కింద పోటు, వాంతులు, మూత్రంలో రక్తం – వీటిలో ఏది కనిపించినా క్రిములు పైకి పాకినవేమోనని అనుమానించి ఆ పూటే ఆసుపత్రికి పోవాలి. గర్భిణీలు, పసిపిల్లలు, చక్కెర జబ్బువారు, మగవారు మంట ఒక్కటే ఉన్నా ఆగరాదు. రాత్రివేళ జ్వరం ఎక్కి మనిషి తూలుతున్నా, మాట తడబడుతున్నా, మూత్రం పూర్తిగా ఆగిపోయినా తెల్లవారేదాకా చూడక 108కి ఫోను చేయండి. ఇంట్లో ఏ బిళ్ళలు వేసుకున్నారో ఆ ఖాళీ అట్టలు కూడా వెంట తీసుకొని వెళ్ళండి.